ప్రోగ్రామ్ కరెక్టే మేడం, లిస్ట్ మాత్రం ఖాళీ: డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ నుంచి ఒక కేసు

సెకండ్ ఇయర్‌కి డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ చెప్పే వాళ్లందరికీ ఇలాంటి స్టూడెంట్ ఒకరైనా తగిలే ఉంటారు. రికార్డ్ చూస్తే ముచ్చటేస్తుంది, మార్జిన్లు గీసి, అవుట్‌పుట్ పేజీతో సహా చక్కగా ఉంటుంది. థియరీ మిడ్‌లో మార్కులూ బాగానే వస్తాయి. కానీ సిస్టమ్ ముందు కూర్చోబెట్టి సొంతంగా పది లైన్లు రాయమంటే చేతులు ఆడవు. ఇలాంటి వాళ్లకి చాలా ఏళ్లు నేను "బట్టీ బ్యాచ్" అని ముద్ర వేసేసి ముందుకెళ్లిపోయేదాన్ని. ఈ కేసులో అలా వెళ్లలేకపోయాను. నేను గొప్ప టీచర్ని అయిపోయి కాదు, ఆ అబ్బాయి ప్రతి ల్యాబ్ అయ్యాక వచ్చి నిలబడేవాడు కాబట్టి.

అతన్ని అడిగే రాస్తున్నాను. కాలేజీ, ఊరు, సంవత్సరం తీసేశాను. పేరు రాజు అనుకుందాం.

నేపథ్యం

రాజు లేటరల్ ఎంట్రీ. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా సెకండ్ ఇయర్‌లో చేరాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మిగతా క్లాసంతా ఫస్ట్ ఇయర్‌లో మా దగ్గరే సీ లాంగ్వేజ్ చదువుకుని వస్తారు, ఈసెట్ పిల్లలేమో "డిప్లొమాలో చదివేసే ఉంటారు కదా" అని మనం అనుకుంటాం. చదివారు, నిజమే. ఏం చదివారు, ఏ కంపైలర్ మీద చదివారు అని మాత్రం నేను అడిగిన పాపాన పోలేదు.

రాజు చదివింది టర్బో సీ మీద. 1987లో బోర్లాండ్ వాళ్లు డాస్ కోసం తెచ్చిన ఆ నీలం తెర, పాత డాస్ ప్రోగ్రాములని కొత్త మెషీన్ల మీద నడిపించే డాస్‌బాక్స్ పుణ్యమా అని మన దగ్గర ఇంకా చాలా ల్యాబుల్లో బతికే ఉంది. మా ల్యాబ్‌లో లైనక్స్, దానిమీద జీసీసీ కంపైలర్. ఈ తేడా చిన్నదనిపిస్తుంది కానీ కాదు. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటు అడ్రస్‌ని దాచుకునే వేరియబుల్, నల్ అంటే అందులో ఏ అడ్రసూ లేదని. డాస్‌లో నల్ పాయింటర్ ద్వారా ఏదైనా రాసినా ప్రోగ్రామ్ చాలాసార్లు అలాగే నడిచిపోతుంది, మహా అయితే అంతా అయ్యాక చివర్లో "నల్ పాయింటర్ అసైన్‌మెంట్" అని ఒక లైన్ వస్తుంది, దాన్ని పట్టించుకునే నాథుడు ఉండడు. అదే ప్రోగ్రామ్ లైనక్స్‌లో నడిపితే అక్కడికక్కడే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే ముట్టుకోకూడని మెమరీ ముట్టుకున్నావని ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. అందుకే సెమిస్టర్ మొదట్లో రాజు నోట పదేపదే వినిపించిన మాట: "మా డిప్లొమా కాలేజీలో ఇదే ప్రోగ్రామ్ వర్క్ అయింది మేడం." అబద్ధం చెబుతున్నాడేమో అనుకునేదాన్ని. వర్క్ అయ్యే ఉంటుంది, పాపం.

ఎక్కడ బయటపడింది

ల్యాబ్ ఇంటర్నల్‌లో సింగిల్ లింక్డ్ లిస్ట్ ఇచ్చాను. నోడ్‌లు అనే చిన్న పెట్టెల గొలుసు అది, ఒక్కో నోడ్‌లో ఒక విలువ, తర్వాతి నోడ్ అడ్రస్ ఉంటాయి, మొదటి నోడ్ అడ్రస్ హెడ్‌లో ఉంటుంది. అందరూ రికార్డ్‌లోది దించేస్తున్నారని ఒక చిన్న మెలిక పెట్టాను: హెడ్ పాయింటర్‌ని మెయిన్ లోపల డిక్లేర్ చేసి, దాన్ని ఇన్సర్ట్ ఫంక్షన్‌కి పంపాలి. రాజు అలాగే రాశాడు. మూడు నంబర్లు ఇన్సర్ట్ చేసి డిస్‌ప్లే పిలిస్తే "లిస్ట్ ఈజ్ ఎంప్టీ" అని వచ్చింది. ఇన్సర్ట్ లోపల విలువని తెర మీద చూపే ప్రింట్ఎఫ్ ఒకటి పెట్టి చూపించాడు. లోపల 10 ఉంది, బయటికొస్తే ఏమీ లేదు.

"ప్రోగ్రామ్ కరెక్టే మేడం. సిస్టమ్ ఏదో తేడా చేస్తోంది."

నాకు బగ్ చూడగానే తెలిసిపోయింది, ఎవరికైనా తెలుస్తుంది. సీలో ఫంక్షన్‌కి ఏది పంపినా కాపీయే వెళుతుంది, పాయింటర్ పంపినా పాయింటర్ కాపీయే. "పాస్ బై వాల్యూ కదా బాబూ, డబుల్ పాయింటర్ వాడు" అని ఒక్క ముక్క చెప్పి పక్క సిస్టమ్ దగ్గరికి వెళ్లిపోయాను. అంటే హెడ్ కాపీ కాకుండా, హెడ్ ఉన్న చోటు అడ్రస్‌నే పంపమని. తల ఊపాడు. బగ్ నాకు కనిపించింది కానీ అతని తలలో ఉన్న బొమ్మ కనిపించలేదు, ఆ తేడా తెలియడానికి నాకు ఇంకో నాలుగు వారాలు పట్టింది.

ఆ నాలుగు వారాలు

తర్వాతి వారం రాజు కోడ్ నిండా నక్షత్రాలే, సీలో పాయింటర్‌కి గుర్తు అదే. ఇన్సర్ట్‌లో డబుల్ పాయింటర్, డిలీట్‌లో డబుల్ పాయింటర్, ఏమీ మార్చనక్కర్లేని డిస్‌ప్లేలో కూడా. డిస్‌ప్లే లోపల ఆ డబుల్ పాయింటర్‌తోనే హెడ్‌ని ముందుకు జరుపుకుంటూ వెళ్లేసరికి, మొదటిసారి లిస్ట్ మొత్తం ప్రింట్ అయింది, రెండోసారి పిలిస్తే ఖాళీ. నేనిచ్చిన ఒక్క ముక్క సలహా అతనికి ఇంకో మంత్రం అయిపోయింది, ఇన్‌పుట్ తీసుకునే స్కాన్ఎఫ్‌కి యాండ్ సింబల్ పెట్టాలి ప్రింట్ఎఫ్‌కి పెట్టకూడదు అన్నట్టే.

అప్పుడు నాకు తోచింది ఇంగ్లిష్ సమస్య అని. తెలుగు మీడియం, టెక్స్ట్‌బుక్ ఇంగ్లిష్, అర్థం కావట్లేదేమో అనుకుని పాయింటర్ల చాప్టర్ మొత్తం తెలుగులో కూర్చోబెట్టి చెప్పాను, తెలుగు వీడియోలు కూడా పంపాను. దానివల్ల మేలు జరగలేదని అనను, అంతకుముందు నోరు విప్పని మనిషి డౌట్లు అడగడం మొదలుపెట్టాడు. కోడ్ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు పాయింటర్ డెఫినిషన్ రెండు భాషల్లో చెప్పగలడు, అంతే.

ఆ తర్వాత ప్రాక్టీస్ చాలట్లేదనుకున్నాను. ముప్పై ప్రాబ్లమ్స్ లిస్ట్ ఇచ్చాను. పది రోజుల్లో అన్నీ చేసుకొచ్చాడు. వాటిలో ఒకటి తీసి "ఇందులో చివరి నోడ్ బదులు చివరి నుంచి రెండోది డిలీట్ చెయ్యి" అంటే పది నిమిషాలు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నెట్‌లో చూసి టైప్ చేశాడని అర్థమైంది. కోప్పడ్డాను కూడా, ఆ సంగతి దాచను. ఇప్పుడు ఆలోచిస్తే ఈత రానివాణ్ణి ముప్పైసార్లు బావిలోకి తోసి, ఒడ్డు పట్టుకున్నావేం అని తిట్టినట్టుంది.

చివరికి క్లాస్ టాపర్ పక్కన కూర్చోబెట్టాను. ఇద్దరూ కలిసి చేస్తే నేర్చుకుంటాడని. టాపర్ మంచి అమ్మాయే, కానీ కీబోర్డ్ ఆ అమ్మాయి చేతిలోంచి రాలేదు. రాజు చూస్తూ, "ఓకే, ఓకే" అంటూ గడిపేశాడు. రెండు వారాల తర్వాత ఆపేశాను. ఒకరికి మెషీన్ లోపల ఏం జరుగుతుందో కనిపిస్తూ, పక్కనున్న వాళ్లకి స్క్రీన్ మీది అక్షరాలే కనిపిస్తుంటే వాళ్లిద్దరూ ఒకే పని చేస్తున్నట్టు కాదు.

అసలు ప్రశ్న

ఒకరోజు ల్యాబ్ అయ్యాక, అటెండర్ తాళాలు పట్టుకుని గుమ్మం దగ్గర ఎదురుచూస్తుండగా, ఏ ఆలోచనా లేకుండానే అడిగాను.

"మెయిన్‌లో హెడ్ ఉంది. ఇన్సర్ట్‌లో బ్రాకెట్ల మధ్య కూడా హెడ్ ఉంది. మొత్తం ఎన్ని హెడ్‌లు?"

"ఒకటే మేడం."

"ఎలా?"

"పేరు ఒకటే కదా మేడం."

ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది. నేను అడిగినవన్నీ "కోడ్ రాయి", "తప్పు కనుక్కో" లాంటివి. రన్ చేసినప్పుడు లోపల ఏం జరుగుతుందని అతను అనుకుంటున్నాడో ఒక్కసారీ అడగలేదు.

వెంటనే పోలికలోకి దూకాను: "మీ సెక్షన్‌లో ఇద్దరు సాయికుమార్‌లు లేరా, పేరు ఒకటైతే మనిషి ఒకడేనా?" నవ్వాడు. నేనూ సంతోషంగా ఇంటికెళ్లాను. మర్నాడు వచ్చి, "అర్థమైంది మేడం, పేరు మారిస్తే వేరే, మార్చకపోతే అదే" అని చూపించాడు. ఇద్దరు సాయికుమార్‌ల్లో ఒకడి పేరు మార్చేశాడన్నమాట! మనకి విషయం ముందే తెలుసు కాబట్టి పోలిక అందంగా కనిపిస్తుంది. తెలియనివాడు దాన్ని తన పాత నమ్మకంలోకే ఇమిడ్చేసుకుంటాడు.

అప్పుడు అతని రికార్డ్ తెరిచాను. స్టాక్, క్యూ, సింగిల్ లిస్ట్, డబుల్ లిస్ట్... ఒక్కో ప్రోగ్రామ్ చూస్తుంటే తల కొట్టుకోవాలనిపించింది. అన్నిట్లోనూ హెడ్ గ్లోబల్. మెయిన్ పైన డిక్లేర్ చేసేసి, ఫంక్షన్లకి ఏమీ పంపకుండా, ఎక్కడినుంచైనా దాన్నే మార్చడం. డిప్లొమా రికార్డ్ తెమ్మన్నాను, అందులోనూ అంతే. గ్లోబల్ వేరియబుల్స్ ఉన్న ప్రపంచంలో "పేరు ఒకటైతే పెట్టె ఒకటే" అన్న నమ్మకం ఎప్పుడూ తప్పవ్వదు. రాజు మూడేళ్లుగా రాసిన ప్రతి ప్రోగ్రామ్ ఆ నమ్మకం నిజమేనని సాక్ష్యం చెప్పింది. అంటే అతను ఆలోచించట్లేదని కాదు, మేం చూపించిన ఉదాహరణల నుంచి సరైన తీర్పే తీసుకున్నాడు. ఉదాహరణలు మావి. ఆ రికార్డ్ ప్రోగ్రామ్స్ టైప్ చేసి పిల్లలకి ఇచ్చింది నేనే.

పనిచేసింది

ముందు కోడ్ రాయించడం పూర్తిగా మానేశాను. రెండు వారాలు కీబోర్డ్ ముట్టుకోవద్దన్నాను. తప్పు రాతలో లేదు, చదవడంలో ఉందని నా లెక్క. ఒక లైన్ నడిస్తే ఏం మారుతుందో చెప్పలేనివాడు ఏ లైన్ రాయాలో ఎలా నిర్ణయిస్తాడు? 2001లో మెక్రాకెన్ బృందం వేర్వేరు దేశాల యూనివర్సిటీల్లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు అయినవాళ్లకి పరీక్ష పెడితే సగటున 110కి 23 కూడా రాలేదు. 2004లో లిస్టర్ బృందం, అసలు ఇచ్చిన కోడ్ చదివి ఏం జరుగుతుందో చెప్పగలరా అని చూస్తే, చాలామందికి అదీ గట్టిగా లేదని తేలింది. ఈ రెండు పేపర్లూ నేను ఎప్పుడో చదివినవే, నా క్లాసులో కూర్చున్న మనిషికి అవి వర్తిస్తాయని తట్టడానికే ఇంతకాలం.

పాత మిడ్ పేపర్ల వెనక వైపు వాడాం. ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కో కాగితం. ఫంక్షన్‌ని పిలిచినప్పుడు కొత్త కాగితం తీయాలి, దాని పారామీటర్లకి పెట్టెలు గియ్యాలి, పంపిన విలువలు ఆ పెట్టెల్లోకి చేత్తో ఎత్తి రాయాలి. ఆ కాగితం మీద ఉన్నంతసేపు మిగతావి బోర్లించి ఉండాలి, తొంగి చూడకూడదు. మాలాక్ చేసిన (ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ అడిగి తెచ్చుకున్న) నోడ్‌లు మాత్రం కాగితాల మీద కాదు, టేబుల్ మీద విడి చీటీలు, ఒక్కోదానికి 1000, 2000 అని ఒక అడ్రస్. ఫంక్షన్ అయిపోతే దాని కాగితం ఉండ చుట్టి డస్ట్‌బిన్‌లో వెయ్యాలి.

రాజు తన పాత ప్రోగ్రామ్‌నే నడిపాడు. మెయిన్ కాగితం మీద హెడ్ పెట్టెలో నల్. ఇన్సర్ట్ కాగితం తీశాడు, అక్కడ ఇంకో హెడ్ పెట్టె గీసి నల్ అని ఎత్తి రాశాడు. మాలాక్‌కి ఒక చీటీ తీసి 1000 అని రాసి టేబుల్ మీద పెట్టాడు, డేటాలో 10, నెక్స్ట్‌లో నల్. ఇన్సర్ట్‌లోని హెడ్‌లో నల్ కొట్టేసి 1000 రాశాడు. ఫంక్షన్ అయిపోయింది. కాగితం ఉండ చుట్టాడు. మెయిన్ కాగితం తిప్పాడు. నల్.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టేబుల్ మీదున్న చీటీని వేలితో చూపించి అడిగాడు: "అయితే ఈ నోడ్ ఏమైనట్టు మేడం? ఇక్కడే ఉంది. దీని అడ్రస్ ఆ ఉండలో పోయింది."

ఇలా అడ్రస్ పోయి ఎవరికీ అందకుండా మిగిలిపోయే మెమరీనే మెమరీ లీక్ అంటారు. దాని గురించి నేను అప్పటికి క్లాసులో ఒక్క మాట చెప్పలేదు. అతనే కనుక్కున్నాడు. నాకు కేసు తిరిగింది అక్కడే, ఎందుకంటే మొదటిసారి "ఏం రాయాలి" అని కాకుండా "ఏమైంది" అని అడిగాడు.

కాగితం మీద ఒప్పుకున్నది మెషీన్ కూడా ఒప్పుకోవాలి, లేకపోతే మేడం చెప్పిన ఇంకో కథ అవుతుంది. అందుకని మెయిన్‌లోనూ ఇన్సర్ట్‌లోనూ హెడ్ పెట్టె అడ్రస్ ప్రింట్ చేయమన్నాను. రన్ కొట్టేముందు రెండూ ఒకటే వస్తాయా, వేరువేరా రాసిపెట్టమన్నాను. "వేరు" అని రాశాడు. రెండు పొడవాటి నంబర్లు వచ్చాయి, మొదటి భాగం ఒకటే, చివరి అంకెలు వేరు. ఆ రోజే స్కాన్ఎఫ్ సంగతి తనంతట తనే ఎత్తాడు: "అంటే స్కాన్ఎఫ్ కూడా వేరే కాగితమే కదా మేడం, నా పెట్టెలో అది రాయాలంటే పెట్టె ఎక్కడుందో చెప్పాలి, అందుకేనా యాండ్ సింబల్?" ఆ సింబల్‌ని డిప్లొమా నుంచీ ఎందుకో తెలియకుండా పెడుతున్నాడు.

ఇక సరిదిద్దడం. ఇక్కడ నా తోటి లెక్చరర్లతో వాదన జరిగింది. చాలామంది నేరుగా డబుల్ పాయింటర్ చెప్పేస్తారు. నేను ఈసారి ముందు రిటర్న్ పద్ధతి చెప్పాను: ఇన్సర్ట్ కొత్త హెడ్‌ని తిరిగి ఇస్తుంది, మెయిన్ దాన్ని తన పెట్టెలో రాసుకుంటుంది. కాగితాలతో చెప్పాలంటే, ఉండ చుట్టేముందు దానిమీది నంబర్‌ని చేత్తో పట్టుకుని బయటికి రావడం. అది రాజుకి ముందే వచ్చిన సంగతి, కొత్త బరువు లేదు. డబుల్ పాయింటర్‌కి అవసరం పుట్టేదాకా ఆగాను. స్టాక్‌లో పాప్ (అన్నిటికన్నా పైనున్నదాన్ని, అంటే టాప్‌ని, తీయడం) రాసేటప్పుడు పుట్టింది: తీసిన విలువని రిటర్న్ చెయ్యాలి, టాప్‌ని కూడా మార్చాలి, రిటర్న్ అయ్యేది ఒక్కటే. "రెండు ఎలా పంపాలి మేడం" అని అతనే అడిగాక, "స్కాన్ఎఫ్ ఏం చేసింది?" అన్నాను. మిగతాది నేను చెప్పలేదు.

రెండు వారాల తర్వాత కూడా ఖాళీ స్క్రీన్ ఇవ్వలేదు. న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ 2006లో రాసిన పద్ధతి ఒకటుంది, సరైన ప్రోగ్రామ్ లైన్లని చెల్లాచెదురు చేసి ఇచ్చి వరసలో పెట్టమనడం. అలాంటివి ఓ పది చేయించాను. తర్వాత నడిచే ప్రోగ్రామ్‌లో ఒక్క ప్రవర్తన మార్చమనడం. ఆ తర్వాతే సొంతంగా రాయడం. పైథాన్ ట్యూటర్ అని ఒక సైట్ ఉంది, పేరు పైథాన్‌దే అయినా సీ కోడ్ ఇచ్చినా పెట్టెలు, బాణాలు గీసి చూపిస్తుంది. అది మొదట్లో కావాలనే చెప్పలేదు. బొమ్మ దానంతటదే వస్తుంటే మళ్లీ టాపర్ పక్కన కూర్చున్నట్టే, "ఓకే, ఓకే" అని చూస్తాడు. చేత్తో గీయడం అలవాటయ్యాక, తన బొమ్మ సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడానికి ఇచ్చాను.

నేను ఊహించని లాభం ఒకటి దక్కింది. ట్రీల్లో రికర్షన్ వచ్చేసరికి క్లాసులో సగం మంది తికమకపడ్డారు, రాజు పడలేదు. ఒకే ఫంక్షన్ తనని తానే పిలిస్తే అతనికి అది ఇంకో కొత్త కాగితం, అంతే. ట్రీలో ముందు ఎడమవైపు, తర్వాత నోడ్, ఆ తర్వాత కుడివైపు చూసే ఇన్‌ఆర్డర్ ట్రావర్సల్‌ని కాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ చేసి చూపిస్తే పక్క బెంచీ వాళ్లు వచ్చి చూశారు.

ఫలితం, మిగిలినవి

ఎక్స్‌టర్నల్‌లో చీటీ తీస్తే లింక్డ్ లిస్ట్‌తో క్యూ వచ్చింది. రాశాడు. ఉన్నదంతా డిలీట్ చేసి మళ్లీ ఇన్సర్ట్ చేస్తే "ఎంప్టీ" అని వచ్చింది. ఈసారి సిస్టమ్‌ని తిట్టలేదు, ఆన్సర్ షీట్ వెనక బొమ్మ గీసుకున్నాడట. చివరి నోడ్ పోయాక క్యూ మొదలుని చూపే ఫ్రంట్ నల్ అయింది కానీ చివరని చూపే రియర్ ఇంకా ఫ్రీ చేసిన నోడ్ వైపే చూస్తోందని పట్టుకుని ఒక లైన్ కలిపాడు. ఆ బొమ్మ చూసే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వైవాలో ఎక్కువ ప్రశ్నలు అడగలేదని రాజు తర్వాత చెప్పాడు.

అద్భుతం జరిగిందని చెప్పను. ఇప్పటికీ నెమ్మదే, మిగతావాళ్లు గంటలో చేసేది అతనికి రెండు గంటలు. ట్రీ ఒకవైపుకి ఒరిగిపోకుండా సరిచేసే ఏవీఎల్ రొటేషన్లు అప్పుడు రాలేదు, నేనూ వదిలేశాను, టైమ్ లేదు. ఒక్క మనిషికి నేను పెట్టినంత టైమ్ అరవై మందికి పెట్టడం కుదిరే పని కాదు కూడా.

సెక్షన్ మొత్తానికి చేయగలిగింది కొంచెమే. మొదటి ల్యాబ్‌లో ఐదు నిమిషాల ప్రశ్న ఒకటి పెడుతున్నాను: మెయిన్‌లో ఎక్స్ విలువ 5, ఎక్స్ అనే పారామీటర్ ఉన్న ఫంక్షన్‌కి పంపితే అది లోపల 10 చేసింది, తిరిగొచ్చాక మెయిన్‌లో ఎంత, ఎందుకు? "10" అని రాసేవాళ్లలో లేటరల్ ఎంట్రీ పిల్లలే కాదు, ఫస్ట్ ఇయర్ మా దగ్గరే చదివిన వాళ్లూ ఉంటున్నారు. ప్రతి ల్యాబ్‌లో మొదటి పావుగంట సిస్టమ్స్ ఆఫ్, కాగితమే. మొదట్లో గొణుగుతారు, మూడో వారానికి అలవాటవుతుంది. ఇప్పుడు పిల్లలు ఏఐ చాట్‌ని అడిగితే డబుల్ పాయింటర్‌తో సహా తప్పులేని కోడ్ క్షణంలో వస్తోంది కాబట్టి, కోడ్ చూసి మార్కులు వెయ్యడం మానేసి వైవాలో బొమ్మ గీయమంటున్నాను. బొమ్మ గీయలేకపోతే కోడ్ ఎవరిదైనా ఒకటే.

రికార్డ్ మార్చడం దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. ఎక్స్‌టర్నల్‌కి వచ్చేవాళ్లు అలవాటైన ప్రోగ్రామ్ చూడాలనుకుంటారని, కొత్తగా రాస్తే పిల్లల మార్కులు పోతాయని మా సీనియర్ భయం, అది ఉత్తుత్తి భయమేమీ కాదు. చివరికి రాజీ కుదిరింది: మొదటి లిస్ట్ ప్రోగ్రామ్ రెండు రకాలుగా, గ్లోబల్ హెడ్‌తో ఒకసారి, మెయిన్‌లో హెడ్‌తో ఒకసారి, ఎదురెదురు పేజీల్లో. మిగతావన్నీ మెయిన్‌లో హెడ్‌తోనే. ఈ సెమిస్టర్‌కి అవి టైప్ చేసి, సరిచూసి ఇచ్చింది రాజే, ఇప్పుడు థర్డ్ ఇయర్. డబుల్ లిస్ట్ డిలీషన్‌లో నేను రాసిన తప్పు కూడా ఒకటి పట్టుకున్నాడు.